వినుకొండ అని రాస్తే ఉద్యోగం వస్తుందా?

గత వేసవిలో ఒక సాయంత్రం బొల్లాపల్లి మండలంలోని ఒక తండా నుంచి ఓ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లే. బీకాం కంప్యూటర్స్ పాసైంది. "సార్, రెండు నెలల నుంచి రోజూ ఫోన్లో అప్లై చేస్తానే ఉన్నా. ఒక్కళ్లు గూడా ఫోన్ చెయ్యలేదు. ఈ యాప్‌లన్నీ ఉత్తయ్యేనా సార్?" అని అడిగింది. ఫోన్ తీసుకుని ఆమె ప్రొఫైల్ తెరిచాను. ప్రస్తుతం ఉంటున్న ఊరు: వినుకొండ. పనిచేయడానికి ఇష్టపడే ఊళ్లు: ఖాళీ. నైపుణ్యాలు అన్న చోట హార్డ్ వర్కింగ్, పంక్చువల్, ఎంఎస్ ఆఫీస్. ఊళ్లో ఒక ఆడిటరు గారి ఆఫీసులో ఆరు నెలలు కూర్చుని ట్యాలీలో ఎంట్రీలు కొట్టింది, జీఎస్టీ రిటర్నులకు లెక్కలు సిద్ధం చేసింది. ఆ మాట ఎక్కడా లేదు. "సర్టిఫికెట్ ఇయ్యలేదు గదా సార్, రాయకూడదేమో అనుకున్నా" అంది.

ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. అది ఆమె నంబరు కాదు. అకౌంటు తెరిచిన రోజు ఓటీపీ వెంటనే కనబడుతుందని నెట్ సెంటరు వాళ్లు తమ నంబరే కొట్టారు. ఆ రెండు నెలల్లో ఏ కంపెనీ అయినా ఫోన్ చేసి ఉంటే అది జిరాక్సు మిషన్ పక్కన మోగి ఆగిపోయి ఉంటుంది.

ఏ పోర్టల్ మంచిదని వినుకొండలో నన్ను అడగని డిగ్రీ విద్యార్థి లేడు. నలుగురిని పనిలో పెట్టుకునే వ్యాపారులు కూడా అదే అడుగుతారు, అవతలి వైపు నుంచి. ఏళ్ల తరబడి పిల్లల పక్కన కూర్చుని ఈ ఫారాలు నింపించినవాణ్ణి కాబట్టి, తెలిసిందంతా ఒకచోట పెట్టి చెప్పాలని ఈ వ్యాసం. ముందే చెప్పేస్తున్నాను, నేను పోర్టళ్ల పక్షం. ఆ పక్షం ఎందుకు తీసుకున్నానో చెప్పాలంటే మా ఊళ్లో పని ఎలా దొరుకుతుందో చెప్పాలి.

ఇక్కడ పని మాట మీద దొరుకుతుంది. మందుల షాపులో కుర్రాడు కావాలన్నా, జిన్నింగు మిల్లులో గుమస్తా కావాలన్నా, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు కావాలన్నా యజమాని మొదట నలుగురిని అడుగుతాడు. ఆ నలుగురు చెప్పిన పిల్లవాణ్ణి చూసి వేసే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకు?" నమ్మకం కోసం అడిగే ప్రశ్నే, నేను కాదనను. గల్లాపెట్టె అప్పజెప్పే మనిషికి హామీ కావాలి. కానీ ఆ ప్రశ్నకు జవాబు లేని పిల్లలు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. తండా అమ్మాయి తరఫున ఎవరు మాట చెబుతారు? ఈ ఊళ్లోనే 1895లో పుట్టిన గుర్రం జాషువా, కులం పేరుతో అవమానాలు పడుతూనే, రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశారు, ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు పండితులయ్యారు, 1957 నుంచి రెండేళ్లు మద్రాసు ఆకాశవాణిలో చేశారు. అంతటి కవి బతుకుతెరువు కోసం ఊరూరా తిరిగారు. పోర్టల్‌కు ఎన్ని లోపాలున్నా, "ఎవరి తాలూకు" అని అడగదు. అది చిన్న విషయం కాదు.

దానికీ సొంత ప్రశ్నలు ఉన్నాయి. ఏ ఊళ్లో ఉంటావు, ఏ మాటలు రాశావు, చివరిసారి ఎప్పుడు తెరిచావు. వీటికి సరైన జవాబు ఇవ్వడం తెలియకే మన పిల్లలు వెనకబడుతున్నారు.

కార్డు నుంచి కంప్యూటరుకు

మా తరం వాళ్లకు ఉద్యోగం అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు. గుంటూరు వెళ్లి పేరు రాయించుకుని, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుని, సీనియారిటీ వచ్చేదాకా ఎదురుచూడటం. 1959 నాటి చట్టం ప్రకారం 25 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాల్సి ఉండేది. తెలపడం వరకే చట్టం, అక్కడి నుంచే మనుషుల్ని తీసుకోవాలని ఉండేది కాదు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ పంపిన పేర్లనే చూస్తే చాలదు, పత్రికల్లో ప్రకటన ఇచ్చి దరఖాస్తు చేసినవాళ్లందరినీ చూడాలని చెప్పింది. ఆ తర్వాత కార్డుకున్న బలం సగం తగ్గిపోయింది. మిగిలింది పత్రికల్లో "కావలెను" పేజీ.

ఆ పేజీని కంప్యూటరులోకి ఎక్కించిందే నౌకరీ డాట్ కామ్. సంజీవ్ బిఖ్‌చందానీ ఉద్యోగం చేసే రోజుల్లో ఆఫీసుకు పత్రిక వస్తే తోటివాళ్లు వెనక పేజీల నుంచి తిరగేయడం గమనించారట. అందరూ ఉద్యోగంలో ఉన్నవాళ్లే, అయినా ఉద్యోగ ప్రకటనలే ముందు చూస్తున్నారు. 1997లో ఆ పరిశీలనే పోర్టల్ అయింది. దాన్ని నడిపే ఇన్ఫో ఎడ్జ్ కంపెనీ 2006లో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. 1994లో అమెరికాలో పుట్టిన మాన్‌స్టర్ 2001లో ఇక్కడికి వచ్చి హైదరాబాదు కేంద్రంగా నడిచింది. టైమ్స్‌జాబ్స్ 2004లో, షైన్ 2008లో వచ్చాయి. రెండూ పత్రికల వాళ్లు పెట్టినవే. ప్రకటనల పేజీ చేజారిపోతుంటే పత్రికలు ఊరుకోలేదు మరి. 2003లో లింక్డ్‌ఇన్, 2004లో ఇండీడ్ అమెరికాలో మొదలై తర్వాత మన దాకా చేరాయి. ఇంగ్లిషు, ఈమెయిలు రెండూ తెలిసినవాళ్ల కోసమే ఇవన్నీ తయారయ్యాయి. స్మార్ట్‌ఫోన్, చవక డేటా వచ్చాకే పల్నాడు పల్లెల దాకా దిగాయి.

డబ్బు ఎవరు కడతారు?

పోర్టళ్లను పోల్చాలంటే మొదట చూడాల్సింది రంగులూ హంగులూ కాదు, వాటికి డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందన్నది. పేరున్న ప్రతి పోర్టల్‌కూ ప్రధాన ఆదాయం మనుషులు కావలసిన కంపెనీల నుంచే. ఉద్యోగం వెతుక్కునేవాడికి పేరు నమోదు, దరఖాస్తు ఉచితం. అంటే ఆ సంతలో కొనుగోలుదారు కంపెనీ, సరుకు మన రెజ్యూమే. వినడానికి కటువుగా ఉన్నా ఇది తెలుసుకుంటే సగం పని తెలిసినట్టే. సంతలో సరుకు కనబడేలా పెట్టుకోవాలి.

నౌకరీలో కంపెనీలు ప్రకటన వేసి ఊరుకోవు. అక్కడ రెజ్‌డెక్స్ అని ఒక రెజ్యూమేల భాండాగారం ఉంది. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్ల సంఖ్య 10 కోట్లు దాటింది. ఇంతమందిలోంచి ఒక హెచ్‌ఆర్ అమ్మాయి హైదరాబాదులో కూర్చుని పదిమందిని ఎలా పడుతుందో ఊహించుకోండి. ముందు పదాలు కొడుతుంది: ట్యాలీ, జీఎస్టీ, అకౌంట్స్. తర్వాత ఊరు: హైదరాబాదు. తర్వాత అనుభవం, జీతం, ఎన్నాళ్లలో చేరగలరు. చివరికి, గత నెలలోనో పదిహేను రోజుల్లోనో ప్రొఫైల్ తెరిచినవాళ్లను మాత్రమే చూపించమంటుంది. వినుకొండ అని రాసి, ఇష్టపడే ఊళ్లు ఖాళీగా వదిలేసిన మన అమ్మాయి రెండో మెట్టు దగ్గరే జారిపోయింది. అక్కడే ఇంకో గడి ఉంటుంది: ఈ ఊరికి మారడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను కూడా చేర్చు అని. హెచ్‌ఆర్ ఆ గడిలో టిక్కు పెట్టిందంటే, ఇష్టపడే ఊళ్లలో హైదరాబాదు అని రాసుకున్న వినుకొండ పిల్ల కూడా కనబడుతుంది. తేడా అంతా ఆ ఒక్క వరుసలో ఉంది.

అందుకే నేను చెప్పేది, అబద్ధపు చిరునామా రాయకండి. వినుకొండ వినుకొండే. కానీ గుంటూరు, విజయవాడ, హైదరాబాదు, బెంగళూరు అని ఇష్టపడే ఊళ్లు తప్పకుండా నింపండి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే బెంగళూరు పోతుంది, ఇంటర్వ్యూకు ఒక రాత్రి ప్రయాణం. వారానికి ఒక్కసారైనా ప్రొఫైల్ తెరిచి చిన్న మార్పు చేసి సేవ్ చేయండి. "హార్డ్ వర్కింగ్" అన్న మాటను ఎవరూ వెతకరు. "ట్యాలీ ప్రైమ్" అన్న మాటను వెతుకుతారు. ఆడిటరు ఆఫీసులో చేసిన ఆరు నెలలు పనే. సర్టిఫికెట్ లేకపోయినా చేసిన పని చేసినట్టు రాయవచ్చు, అడిగితే ఆడిటరు గారి పేరు చెప్పవచ్చు.

నెట్ సెంటరులో టైపు చేసిచ్చే రెజ్యూమే మూస గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, పాటలు వినడం అలవాటు, కింద డిక్లరేషన్, సంతకం. రెండు గడులుగా విడదీసి, పక్కన ఫోటో. పెద్ద కంపెనీలు రెజ్యూమేలను ముందు సాఫ్ట్‌వేర్ చేత చదివిస్తాయి. ఆ గడులూ బొమ్మలూ దానికి గందరగోళం. ఒకే వరుసలో, మామూలు అక్షరాల్లో, ఒక పేజీ చాలు. ఆధార్ నంబరు, పాన్ నంబరు రెజ్యూమేలో పెట్టనే వద్దు.

పోర్టళ్లు కొన్ని వెతుక్కునేవాళ్లకూ డబ్బు సేవలు అమ్ముతాయి. రెజ్యూమే రాసిపెడతాం, మీ ప్రొఫైల్ పైన చూపిస్తాం అని. మోసం కాదు, కానీ కొత్తగా చదువు ముగించిన పిల్లలకు అవసరం లేదన్నది నా అభిప్రాయం. ఆ డబ్బుతో హైదరాబాదుకు రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్లి రావచ్చు.

ఎవరికి ఏది

లింక్డ్‌ఇన్ సంత కన్నా పెళ్లిపందిరిలా ఉంటుంది. ఎవరెవరు వచ్చారో, ఎవరికి ఎవరు తెలుసో కనబడుతుంది. 2016లో మైక్రోసాఫ్ట్ దీన్ని 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 చివరికి సభ్యులు 100 కోట్లు దాటారు. బీటెక్ చదివి నాలుగైదేళ్లు అనుభవమున్న వాళ్లకు దీన్ని మించింది లేదు. మన నరసరావుపేట కాలేజీల్లో చదివి బయట స్థిరపడ్డ సీనియర్లు అందులో దొరుకుతారు. వాళ్లకు మర్యాదగా రెండు వాక్యాలు రాస్తే చాలామంది జవాబిస్తారు, కంపెనీలో రిఫరల్ కూడా ఇస్తారు. అంటే పాత "మాట చెప్పడం" కొత్త రూపంలో. కాకపోతే ఇక్కడ కులం, బంధుత్వం లేకుండా కాలేజీ పేరు మీద కూడా ఆ మాట సంపాదించుకోవచ్చు. ఒక నొక్కుతో దరఖాస్తు వెళ్లే సౌకర్యం వల్ల ఒక్కో ఉద్యోగానికి వందల మంది ఎగబడతారు. అక్కడ నొక్కి ఊరుకుంటే లాభం తక్కువ.

ఇండీడ్ పద్ధతి వేరు. కంపెనీల సొంత వెబ్‌సైట్లలో, మిగతా చోట్ల ఉన్న ప్రకటనలను వెతికి ఒకచోట చేర్చడంతో మొదలైన పోర్టల్ అది. 2012 నుంచి జపాన్‌కు చెందిన రిక్రూట్ సంస్థ చేతిలో ఉంది. గూగుల్ కూడా 2018లో మన దేశంలో వెతుకుడులోనే ఉద్యోగాలు చూపించడం మొదలుపెట్టింది. ఇవి దారి చూపించే బోర్డుల్లాంటివి. ప్రకటన కనబడగానే అది ఎప్పుడు వేశారో తేదీ చూడండి. నెల దాటిన ప్రకటన మీద ఆశ పెట్టుకోకండి. వీలైతే ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్లి అక్కడే దరఖాస్తు చేయండి.

మాన్‌స్టర్ ఇండియాను 2018లో క్వెస్ కార్ప్ కొన్నది, 2022 నవంబరులో ఫౌండిట్ అని పేరు మార్చింది. అమెరికాలో మాన్‌స్టర్ అయితే కెరీర్‌బిల్డర్‌తో కలిసి 2025 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఒకప్పుడు ఉద్యోగమంటే గుర్తొచ్చిన పేరు అది. ఫౌండిట్, షైన్ మన పిల్లలకు రెండో వరుస. ప్రొఫైల్ పెట్టి ఉంచడంలో నష్టం లేదు, మొదటి ప్రయత్నం అక్కడ వద్దు.

బీటెక్ ఫ్రెషర్ల సంగతి ఇంకోలా ఉంటుంది. పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవాళ్లను గంపగుత్తగా తీసుకునేటప్పుడు పోర్టళ్లలో వెతకవు. టీసీఎస్‌కు నెక్స్ట్‌స్టెప్ అని సొంత నమోదు ఉంది, ఎన్‌క్యూటీ అని పరీక్ష ఉంది. ఇంటర్న్‌షిప్‌లకు 2010లో మొదలైన ఇంటర్న్‌షాలా బాగా నడుస్తోంది. అమీర్‌పేటలో కోర్సు చేసి దొంగ అనుభవం సర్టిఫికెట్‌తో "బ్యాక్‌డోర్"లో చేరదామనుకునే పిల్లలు మన ప్రాంతంలోనూ ఉన్నారు. తల్లిదండ్రులు మిర్చి అమ్మిన డబ్బు తీసుకెళ్లి కడుతున్నారు. ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ యూఏఎన్ నంబరు మీద గత ఉద్యోగాల చరిత్ర చూసేస్తాయి. పట్టుబడ్డాక ఆ మచ్చ పోదు. దయచేసి ఆ దారి వద్దు.

ఇంటర్, డిగ్రీ, ఐటీఐ చదివినవాళ్లకు పై పోర్టళ్ల కన్నా పనికొచ్చేవి అప్నా, వర్క్‌ఇండియా, జాబ్ హై లాంటి యాప్‌లు. ఈ ఆలోచన మన దేశంలో బెంగళూరులో 2007లో మొదలైన బాబాజాబ్‌ది. డ్రైవర్లు, వంటవాళ్లు, కాపలాదార్లకు మామూలు ఫోన్ల మీదే పని వెతికిపెట్టాలని చూసిన సంస్థ అది. 2017లో క్వికర్‌లో కలిసిపోయింది. వర్క్‌ఇండియా 2015లో, అప్నా 2019లో వచ్చాయి. 2021లో అప్నా విలువ 100 కోట్ల డాలర్లు దాటింది. అప్నా తెలుగులోనూ నడుస్తుంది, రెజ్యూమే లేకపోయినా నాలుగు ప్రశ్నలతో ప్రొఫైల్ తయారవుతుంది, చాలా ప్రకటనల్లో హెచ్‌ఆర్‌కు నేరుగా ఫోన్ చేయవచ్చు. డెలివరీ, టెలికాలర్, బ్యాక్ ఆఫీస్, సేల్స్ ఉద్యోగాలు ఎక్కువ.

ఆ సౌలభ్యమే ఆడపిల్లలకు ఇబ్బంది కూడా. నంబరు ఎవరి చేతికి వెళుతుందో తెలియదు. రాత్రి పదింటికి ఫోన్ చేసి "ఫోటో పంపండి" అన్నవాళ్ల సంగతి నాతో చెప్పుకున్న పిల్లలు ఉన్నారు. అలా ఫోన్ వస్తే పెట్టేయండి, యాప్‌లో ఫిర్యాదు నొక్కండి, ఇంట్లో దాచకండి. ఇంట్లోవాళ్లకు కూడా నా మాట: ఆ ఒక్క ఫోన్ కారణంగా అమ్మాయి ఫోన్ లాక్కుని ఉద్యోగం ఆపించకండి.

సర్కారు వారి పోర్టళ్లు

పాత ఎక్స్ఛేంజీలకు బదులుగా కేంద్ర కార్మిక శాఖ 2015 జూలైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. ఇరువైపులా పూర్తిగా ఉచితం. సందేహాలకు 1514 నంబరు ఉంది. ప్రైవేటు పోర్టళ్లతో కూడా ఒప్పందాలు చేసుకుని వాటి ఖాళీలు చూపిస్తుంది. 2021లో వచ్చిన ఈ-శ్రమ్‌లో పేరున్న అసంఘటిత కార్మికులు కూడా దీనితో జతపడవచ్చు. ఆలోచన గొప్పది. కానీ వినుకొండ నుంచి వెతికితే దగ్గర్లో ఉద్యోగాలు బహు తక్కువ, ఎందుకంటే మన చుట్టుపక్కల యజమానుల్లో దాని పేరు విన్నవాళ్లే అరుదు. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే జాబ్ మేళాలు ఈ లోటు కొంత పూడుస్తున్నాయి. అక్కడ కనీసం కంపెనీ మనిషి ఎదురుగా కూర్చుంటాడు. తెలంగాణలో డీట్ పేరుతో డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ పెట్టారు, హైదరాబాదులో ఉండి వెతుక్కునే మన పిల్లలు దాన్ని కూడా చూడవచ్చు.

ప్రభుత్వోద్యోగాల మాట వస్తే, 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో 1.26 లక్షల పోస్టులకు ఆన్‌లైన్‌లో 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మన రాష్ట్రంలో యువత ఆకలి ఎంతుందో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. ఏపీపీఎస్సీ అయినా, రైల్వే అయినా వాటి సొంత వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు. ఏపీపీఎస్సీ ఓటీపీఆర్ నంబరు, పాస్‌వర్డు పుస్తకంలో రాసిపెట్టుకోండి. మధ్యలో ఎవరో "ప్రభుత్వ ఉద్యోగం పోర్టల్" పేరుతో డబ్బు కట్టమంటే అది మోసం.

మనుషులు దొరకని యజమాని

ఇప్పటిదాకా వెతుక్కునేవాళ్ల గురించే మాట్లాడాను. అవతల కూర్చున్నవాళ్ల కష్టం కూడా తక్కువది కాదు. నా మిత్రుడొకరు ఊళ్లో రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతున్నారు. టెక్నీషియన్ మానేస్తే ఒక యాప్‌లో ఉచితంగా ప్రకటన వేశారు. వారం రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. హైదరాబాదు నుంచి, కర్నూలు నుంచి, ఒడిశా నుంచి కూడా. "వినుకొండ ఎక్కడండీ?" అని కొందరు, "జీతం ఎంత, రూమ్ ఇస్తారా?" అని అందరూ. నలుగురు వస్తామన్నారు, ఒక్కరూ రాలేదు. "ఈ కాలం పిల్లలకు పనిచేసే ఉద్దేశం లేదు మాస్టారూ" అన్నారాయన బాధగా.

ఆ ప్రకటన చూపించమన్నాను. "అర్జెంటుగా ల్యాబ్ టెక్నీషియన్ కావలెను. మంచి జీతం." అంతే. ఊరు తప్ప చిరునామా లేదు, పనివేళలు లేవు, జీతం అంకె లేదు. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. డీఎంఎల్‌టీ చదివి ఉండాలి. ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా. ఆదివారం పది గంటల వరకే. జీతం ఇంత, ఏడాదికి ఇంత పెంపు. ల్యాబ్ బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరం. అదే యాప్‌లో వేసి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టాం. ఫోన్లు బాగా తగ్గాయి. ఈపూరు నుంచి ఒక కుర్రాడు బస్సెక్కి వచ్చాడు, ఆ వారమే చేరాడు.

జీతం దాచడం మన దేశంలో పెద్ద పోర్టళ్లలో కూడా మామూలే; చూపించకుండా ఉంచే వీలు కంపెనీలకు ఉంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021 నుంచి, న్యూయార్క్ నగరం 2022 నవంబరు నుంచి ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయాల్సిందేనని చట్టం చేశాయి. మనకు అలాంటి చట్టం లేదు. అయినా చట్టం వచ్చేదాకా ఆగాలా? పల్నాడులో ఒక పిల్ల ఇంటర్వ్యూకు గుంటూరు వెళ్లాలంటే ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీ పోతాయి. అక్కడికెళ్లాక ఆ జీతం హాస్టలు ఖర్చుకు కూడా చాలదని తెలిస్తే ఆ రోజు ఎవరు తిరిగిస్తారు?

పోర్టళ్లు కూడా చిన్న ఊరి యజమానిని పట్టించుకోలేదు. వాటి ధరలూ, ఫారాలూ నగరపు కంపెనీల కొలతలకు కుట్టినవి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, గుంటూరు కోల్డ్ స్టోరేజీలు, మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీ, ప్రతి మండలంలో ప్రైవేటు స్కూళ్లు, ఆసుపత్రులు, ఇన్ని చోట్ల ఏటా వేలమంది పనిలో చేరుతున్నారు. ఆ చేరికల్లో ఎక్కువ భాగం ఏ పోర్టల్‌లోనూ కనబడదు. వాట్సాప్ గ్రూపులే ఆ ఖాళీని నింపుతున్నాయి, కానీ అక్కడ ప్రకటన నిజమో కాదో చూసేవాడు లేడు.

సముద్రం దాటేవాళ్లకు

గల్ఫ్ వెళ్లేవాళ్లు ఒక్క వెబ్‌సైట్ గుర్తుపెట్టుకుంటే చాలు: విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంట్లు ఎవరో అందులో తెలుస్తుంది. ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చేయాలి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మరవకండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి మన తెలుగు కుర్రాళ్ల చేత బలవంతంగా సైబర్ నేరాలు చేయించారు.

అమెరికాలో చదువు ముగించిన మన పిల్లలకు గడియారంతో పోటీ. చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ గడువులో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఐటీ వాళ్లకు 1990 నుంచి ఉన్న డైస్, అందరికీ లింక్డ్‌ఇన్. ఆ తొందరలో బెంచ్ మీద కూర్చోబెట్టి దొంగ అనుభవం రాసిపెట్టే కన్సల్టెన్సీలకు చిక్కకుండా ఉండటమే అక్కడ అసలు పరీక్ష.

ఇక మోసాల గురించి ఒకే కొలత చెబుతాను. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ చార్జీ, ట్రైనింగ్ ఖర్చు, పేరేదైనా సరే. వీడియోలకు లైకు కొడితే రోజుకింత అని టెలిగ్రామ్‌లో మొదలయ్యేది కూడా ఆ గాటన కట్టాల్సిందే. ముందు నూటయాభై వేస్తారు, తర్వాత వేలు లాగుతారు. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

నా తీర్పు అడిగితే ఇది. అనుభవమున్న ఇంజనీరుకు నౌకరీ, లింక్డ్‌ఇన్ రెండూ. ఫ్రెషరుకు కంపెనీల సొంత వెబ్‌సైట్లు, ఆ తర్వాతే నౌకరీ. డిగ్రీ, ఇంటర్ పిల్లలకు అప్నా లాంటి యాప్‌తో పాటు నేషనల్ కెరీర్ సర్వీస్, జాబ్ మేళా. రెండు పోర్టళ్లను వారం వారం చూసుకోవడం, పదింటిలో పేరు పెట్టి మరిచిపోవడం కన్నా మేలు. వినుకొండ యజమానికి ఉచిత ప్రకటన చాలు, అందులో జీతం, వేళలు, చిరునామా ఉంటే.

ఆ తండా అమ్మాయి ప్రొఫైల్ ఆ సాయంత్రమే మార్చాం. పదకొండో రోజున గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది, ఈసారి ఆమెకే. ఇప్పుడక్కడ ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో అకౌంట్స్ చూస్తోంది. నెట్ సెంటర్లు నడిపే తమ్ముళ్లకు నా విన్నపం ఒక్కటే: పిల్లల అకౌంటు తెరిచేటప్పుడు ఫోన్ నంబరు, ఈమెయిలు వాళ్లవే పెట్టండి. పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి వాళ్ల చేతికి ఇచ్చి పంపండి.